బస్సు అద్దాలు, పెయింటు బకెట్లు

పాత స్కూలు బస్సు కొని దాన్ని ఇల్లుగా మార్చుకుంటున్నానని తెలిసినప్పట్నుంచీ ఆఫీసులో నాకు రెండే రెండు ప్రశ్నలు ఎదురవుతున్నాయి. మొదటిది, "సోలార్ ఎన్ని వాట్లు పెట్టావ్?" రెండోది, కాస్త గొంతు తగ్గించి, "మరి బాత్రూం సంగతేంటి?" ఇన్నేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు కూడా "అద్దాలేం పెట్టావ్?" అని అడిగిన పాపాన పోలేదు. ఇల్లు కదా, అద్దమంటే వాష్‌బేసిన్ మీద ఉండేదే అనుకుంటారు. కొనేముందు నేనూ అదే బాపతు.

పోయిన వారం మా టీములో కుర్రాడు ఒకడు, తను కూడా ఓ బస్సు వేలంలో పాడుకున్నానని ఫోటోలు చూపించాడు. మొదటి రోజే పీకేసిన సామాన్ల కుప్ప ఒకటుంది అందులో. సీట్లు, స్టాప్ బోర్డు, ఎర్ర లైట్లు, అన్నిటికన్నా పైన కోడిగుడ్డు ఆకారంలో రెండు అద్దాలు. ఆ రెండూ చూడగానే నాకు కడుపులో తిప్పినట్టయింది. మీటింగుకీ మీటింగుకీ మధ్య దొరికిన ఐదు నిమిషాల్లో నోటితో చెప్తే సగమే ఎక్కుతుంది. అందుకని కూర్చుని మొత్తం రాస్తున్నా.

మాది 2003 మోడలు. ఇంటర్నేషనల్ ఛాసిస్, డీటీ466 ఇంజను, ముందు ముక్కులాగా బానెట్టు పొడుచుకొచ్చిన రకం. పొడవు 37 అడుగులు. 2021 నవంబరులో కొన్నాం. మా కాలనీ సంఘం వాళ్ళు (గడ్డి నాలుగంగుళాలు పెరిగితే ఇంటికి ఉత్తరం పంపే బాపతు) ఇంటి ముందు పెట్టనివ్వరు కాబట్టి, డాలస్‌కి నలభై మైళ్ళ అవతల ఓ యార్డులో అద్దె కట్టి పెట్టుకున్నాం. శనాదివారాలు అక్కడికి పోవడం, సీట్లు విప్పడం, తుప్పు గీకడం, చీకటి పడ్డాక నడుం పట్టుకుని ఇంటికి రావడం. ఏడాదిన్నర ఇదే కథ.

స్కూలు బస్సుని సొంత బండిగా మార్చాలంటే ముందు దాని స్కూలుతనం తీసేయాలి. ఆ పసుపు రంగు ఊరికే వచ్చింది కాదు. 1939లో న్యూయార్కులో, కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీలో ఫ్రాంక్ సైర్ అనే ప్రొఫెసరు పిలిచిన సమావేశంలో ఎంచిన రంగు అది. చాలా రాష్ట్రాల్లో ఆ రంగుతో సొంత బండి తిప్పనివ్వరు. పక్కకి తెరుచుకునే స్టాప్ బోర్డు, పైన మెరిసే ఎర్ర లైట్లు, 'స్కూల్ బస్' అన్న అక్షరాలు, అన్నీ పోవాలి. నేను అలవాటు ప్రకారం ఎక్సెల్ షీటు తెరిచి జాబితా రాసుకున్నా. అందులో 14వ వరుస: "బానెట్టు మీది గుడ్డు అద్దాలు. స్కూలు పిల్లల కోసం. తీసెయ్."

ఇంగ్లీషులో వీటిని క్రాస్‌వ్యూ అద్దాలంటారు. ముందు రెండు మూలల్లో, బానెట్టుకి అటూ ఇటూ పొడవాటి కమ్మీల మీద నిలబెట్టి ఉంటాయి. చూడ్డానికి మిడతకి మీసాల్లా ఉంటాయి. స్కూలు బస్సుకి తప్ప మరి దేనికీ పెద్దగా కనపడవు. మనమేమో పిల్లల్ని ఎక్కించుకుని తిరగబోవడం లేదు. ఇంక అవెందుకు? పదిహేనేళ్ళ పాత కోడ్‌లో ఓ ఫంక్షన్ కనపడుతుంది, ఎవరు రాశారో తెలీదు, పైన కామెంటులో చచ్చిపోయిన ప్రాజెక్టు పేరేదో ఉంటుంది. ఇంక ఎవరు వాడతారులే అని తీసేస్తాం. బిల్డ్ సుబ్బరంగా పాసవుతుంది. నా బస్సూ అలాగే పాసయింది. రెండు పక్కలా ఎనిమిది బోల్టులు విప్పి, కన్నాలు పూడ్చి, పైన లేత నీలం రంగు కొట్టేశా. బండికి భలే అందం వచ్చిందని ఫేస్‌బుక్‌లో పెట్టుకున్నా కూడా.

ఇక పక్క అద్దాలు. ఎడమ వైపుది అంచుల్లో కళాయి ఊడి మచ్చలు పడింది, కుడి వైపుది పగిలింది. రెండిటి కమ్మీలూ తుప్పు పట్టి ఉన్నాయి. లారీల సామాన్ల కొట్టుకి వెళ్ళి 7 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల ఎత్తు ఉన్నవి రెండు తెచ్చా. వీటిని 'వెస్ట్ కోస్ట్' అద్దాలంటారు, ఇక్కడ ప్రతి లారీకీ కనపడతాయి. వాటి కింద బిగించడానికి 8 అంగుళాల గుండ్రటి కుంభాకార అద్దాలు రెండు. (పదో తరగతి ఫిజిక్సులో పుటాకార, కుంభాకార దర్పణాల బొమ్మలు గీసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళం, వాటిని బోల్టు పెట్టి బిగించాల్సి వస్తుందని ఎవడనుకున్నాడు.)

విప్పడం గంటలో పనన్నారు. నాకు రెండు శనివారాలు పట్టింది. తుప్పు వదిలే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేసినా కుడి వైపు ఒక బోల్టు తల ఊడి చేతికొచ్చింది, మొండెం లోపల ఉండిపోయింది. డ్రిల్లుతో తొలిచి తీశా. కొత్త కమ్మీల కన్నాలు పాత కన్నాలకి కలవలేదు. కొత్త కన్నాలు వేశాక తెలిసిందేంటంటే, బస్సు బయటి రేకు మనం అనుకునేంత మందం కాదు. అద్దం బరువుకి, గాలికి, రేకే ఊగుతుంది. లోపలి వైపు పావంగుళం ఉక్కు పలక పెట్టి దానికి బిగిస్తే అప్పుడు నిలబడింది. కన్నాల చుట్టూ సీలెంటు పెట్టమని అందరూ చెప్తారు. మూడిటికి పెట్టి నాలుగోది మర్చిపోయా. నెల తర్వాత వాన నీళ్ళు గోడలోకి దిగి ఇన్సులేషన్ తడిసిపోతే ఆ మూల మళ్ళీ విప్పాల్సొచ్చింది. ఇంజను ఖాళీగా ఆడుతున్నప్పుడు అద్దంలో లోకమంతా మసకగా ఒణుకుతూ కనపడేది. దానికి కింద నుంచి మూడో కమ్మీ ఒకటి ఆనిస్తే చాలావరకు తగ్గింది.

ఇంతవరకూ ఒంటికి పని. అసలు తలనొప్పి సర్దుకోవడం దగ్గర మొదలైంది.

నేను నిచ్చెన మీద, మా ఆవిడ డ్రైవర్ సీట్లో. "కొంచెం పైకి" అంది. తిప్పా. "అయ్యో, పైకన్నాను!" "పైకే కదా తిప్పాను!" "ఇప్పుడు ఆకాశం కనపడుతోంది. రోడ్డు పైకి రావాలి." రోడ్డు పైకి రావాలంటే అద్దం కిందికి వంచాలి. ఆవిడ బొమ్మ గురించి చెప్తోంది, నేను అద్దం గురించి వింటున్నా. ఇరవై నిమిషాలు ఇద్దరమూ కరెక్టే, పని మాత్రం జరగలేదు. చివరికి ఆవిడ "సరే, బాగుంది" అంది. నట్టు బిగించా. "అయ్యో, పోయింది" అంది. ఇక్కడ కొంచెం లెక్క ఉంది. అద్దం ఒక డిగ్రీ తిరిగితే అందులోంచి వచ్చే చూపు రెండు డిగ్రీలు తిరుగుతుంది. 200 అడుగుల వెనక ఆ రెండు డిగ్రీలంటే దాదాపు 7 అడుగులు. హైవే మీద ఒక లేను వెడల్పు 12 అడుగులు. అంటే రెంచి చివర్లో వేసిన ఒక్క పిడి ఊపుకి సగం లేను పైనే మాయమవుతుందన్నమాట. నట్టు బిగిస్తే ఎటు జరుగుతుందో చూసుకుని, ముందే అంత రెండో వైపుకి ఉంచి బిగించాలి. గురువు లేని విద్య ఇది, చెయ్యగా చెయ్యగా రావాల్సిందే.

అంతా అయ్యాక, సాయంత్రం బండి తీయడానికి నేను సీట్లో కూర్చున్నా. అద్దాల్లో నేల తప్ప ఏమీ లేదు. మా ఆవిడ ఐదడుగుల రెండంగుళాలు, నేను ఐదడుగుల పదంగుళాలు. నడిపేది నేను, సీట్లో కూర్చోబెట్టి సర్దించింది ఆవిణ్ణి. ఇలాంటి తెలివితేటలు ఉన్నందుకు నాకు కంపెనీ 'సీనియర్' అని బిరుదు కూడా ఇచ్చింది.

సరే, ఈసారి పద్ధతిగా చేద్దామని చదవడం మొదలెట్టా. 1995లో జార్జ్ ప్లాట్జర్ అనే ఆయన ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘానికి (ఎస్‌ఏఈ) కారు అద్దాల జ్యామితి మీద ఒక పేపరు రాశాడు. మనమంతా పక్క అద్దాల్లో మన కారు ఒళ్ళే చూసుకుంటూ ఉంటాం, అది దండగ, అద్దాల్ని బాగా బయటికి తిప్పుకుంటే పక్క లేను కూడా కనపడుతుంది, వెనక సంగతి లోపలి అద్దం చూసుకుంటుంది అని సారాంశం. కారుకి అక్షరాలా నిజం. ఇప్పటికీ నా కారు అలాగే పెట్టుకుంటా. కాగితం చదివిన ఊపులో బస్సుకి కూడా అదే చేశా. రెండు వైపులా బస్సు ఒళ్ళు ఒక్క అంగుళం కూడా కనపడకుండా బయటికి తిప్పేశా. పక్క లేన్లు సినిమాస్కోపులో కనపడుతున్నాయి.

కానీ కారు వెనక చక్రాల తర్వాత ఉండేది మూడడుగుల డిక్కీ. నా బస్సుకి వెనక చక్రాల తర్వాత ఇంకా తొమ్మిది అడుగుల పైన బస్సుంది. ముందు చక్రాలు ఎడమకి తిప్పితే ఆ తోక కుడికి ఊగుతుంది. స్కూలు బస్సు తోక మూడడుగుల దాకా ఊగగలదని ఇక్కడ డ్రైవర్ల లైసెన్సు పుస్తకంలోనే రాసుంది. నేను ప్లాట్జర్ పేపరు చదివాను కానీ, అందరికీ ఉచితంగా ఇచ్చే ఆ పుస్తకం చదవలేదు. డీజిలు కొట్టించుకుని, బంకులోంచి బయటికి రావడానికి స్టీరింగు ఎడమకి పూర్తిగా కోశా. వెనక నుంచి పళ్ళు నూరుతున్నట్టు చప్పుడు. బంకు పక్కన పాతిన పసుపు స్తంభం నా బస్సు కుడి డొక్కలో నాలుగడుగుల గీత గీసింది. లేత నీలం మీద పసుపు గీత. స్తంభం చెక్కుచెదర్లేదు. కుడి అద్దంలో నాకు పక్క వీధిలో హోటలు బోర్డు మాత్రం చక్కగా కనపడింది. ఇంకో సంగతి, నా బస్సుకి లోపలి అద్దం ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. వెనక అంతా పడగ్గది, ప్లైవుడ్డు గోడ. ప్లాట్జర్ గారి లెక్కలో సగం ఆ లోపలి అద్దం మీదే ఆధారపడిందని అప్పుడు వెలిగింది.

రేకు గీతే కదా, రంగేస్తే పోతుంది. తర్వాత జరిగింది అలాంటిది కాదు.

2023 మే నెల. మొదటి పెద్ద ప్రయాణం. ఓక్లహోమాలో బీవర్స్ బెండ్ స్టేట్ పార్కుకి వెళ్ళాం. డాలస్ తెలుగువాళ్ళకి లాంగ్ వీకెండొస్తే అదే అరకు. రెండు రాత్రులు పైన్ చెట్ల మధ్య పడుకున్నాం, నిప్పులేసుకున్నాం, పులిహోర తిన్నాం. సోమవారం పొద్దున్నే బయల్దేరాలి. నేను కిందికి దిగి టైర్లు చూసుకుని, తలుపు వేయకుండానే ఎక్కి సీట్లో కూర్చున్నా. మా ఆవిడ వెనక గిన్నెలు అరల్లో సర్దుతోంది. మా చిన్నది పడగ్గదిలో ఉందనుకున్నా. అప్పుడు దానికి నాలుగేళ్ళు, ఎత్తు మూడడుగుల మూడంగుళాలు.

ఇంజను స్టార్ట్ చేశా. గాలి బ్రేకుల బండి కాబట్టి ముల్లు వంద దాటేదాకా ఆగాలి. ఆగా. ఎడమ అద్దం చూశా, కుడి అద్దం చూశా. ముందు చూశా. ముందంతా ఖాళీ రోడ్డు, చెట్లు, ఎండ. బ్రేకు నాబు లోపలికి నొక్కా. బుస్సుమని గాలి వదిలింది. కాలు ఇంకా కింద బ్రేకు మీదే ఉంది, గేరు ఇంకా వేయలేదు. అప్పుడు బానెట్టు ఎడమ మూల నుంచి గులాబీ రంగు టోపీ ఒకటి బయటికొచ్చింది. టోపీ కింద మా చిన్నది. గౌను ఒడి నిండా పైన్ కాయలు. నా వైపు చూసి, "నాన్నా, బస్సు తుమ్మింది!" అంది.

బంపరు ముందు కూర్చుని కాయలు ఏరుకుంటోందన్నమాట. ఆ బుస్సు శబ్దానికి బెదిరి లేచొచ్చింది. బెదరకపోతే?

ఇంజను ఆపేసి కిందికి దిగా. దాన్ని ఎత్తుకున్నా. కాయలన్నీ కింద పడ్డాయని ఏడ్చింది. నేనూ కూర్చుని ఏరా. మా ఆవిడ కిటికీలోంచి "ఇంకా ఏంటి ఆలస్యం?" అంటే "ఏం లేదు, వస్తున్నా" అన్నా. డాలస్ వచ్చేదాకా మూడున్నర గంటలు ఒక్క మాట మాట్లాడలేదు. రెండు రోజులాగి చెప్పా. ఆవిడ తిట్టలేదు. ఏమీ అనలేదు. దాంతో నాకు ఇంకా భయమేసింది. తర్వాత నెల్లాళ్ళు మేం ఆ యార్డు వైపు పోలేదు. అమ్మేద్దామని ఫోటోలు కూడా తీసిపెట్టా.

ఆ నెల్లాళ్ళలో రాత్రుళ్ళు నిద్రపట్టక వేసిన లెక్క ఇది. సీట్లో కూర్చుంటే నా కన్ను నేల నుంచి 7 అడుగుల ఎత్తులో ఉంటుంది. బానెట్టు ముందంచు ఎత్తు 5 అడుగులు. రెండిటికీ మధ్య అడ్డంగా ఆరున్నర అడుగులు. అంటే ఆరున్నర అడుగులు ముందుకెళ్ళేసరికి నా చూపు రెండడుగులు దిగుతోంది, అడుగు దిగడానికి మూడుంపావు అడుగులు కావాలి. ఆ లెక్కన నేల నాకు కనపడేది 16 అడుగుల అవతలే. నిలబడ్డ మా చిన్నది ఐదున్నర అడుగుల లోపు ఉంటే దాని తల కూడా కనపడదు. వంగి కాయలు ఏరుకుంటూ రెండడుగుల ఎత్తులో ఉంటే, దాదాపు పదడుగుల దాకా నా దృష్టిలో అది లేనట్టే. ఎనిమిదో తరగతి సరూప త్రిభుజాలు. దీనికి కంప్యూటరు కూడా అక్కర్లేదు.

ఈ లెక్క నాకంటే ముందే వేసినవాళ్ళున్నారు. అమెరికాలో అద్దాలకి ఫెడరల్ ప్రమాణం ఒకటుంది, దాని నంబరు 111. స్కూలు బస్సు తయారుచేస్తే, దాని ముందూ పక్కలా లెక్క ప్రకారం గొట్టాల్లాంటివి పెట్టి చూడమంటుంది. దాదాపు అన్నీ అడుగు ఎత్తు, అడుగు వెడల్పు. అవన్నీ డ్రైవరు సీటు నుంచి, నేరుగానో అద్దాల్లోనో, కనపడి తీరాలి. ఆ డ్రైవరు కన్ను ఎక్కడుండాలో కూడా రాశారు. నూరుమంది ఆడవాళ్ళని ఎత్తు ప్రకారం నిలబెడితే పొట్టివైపు నుంచి ఇరవై ఐదో ఆవిడ కన్ను. చూశారా, సీట్లో మా ఆవిణ్ణి కూర్చోబెట్టడంలో నేను తెలీకుండానే చట్టం పాటించా. ఆ అడుగు గొట్టాలు కనపడడం కోసమే ఆ గుడ్డు అద్దాలు.

అదే బండి మోటార్ హోమ్ అయితే? అదే ప్రమాణం ప్రకారం రెండు పక్కలా ఒక్కో మామూలు అద్దం, ఒక్కోటీ కనీసం 50 చదరపు అంగుళాలుంటే చాలు. నావి 112. డబుల్‌కి పైన పాసు. గొట్టాల ఊసే లేదు. నా బస్సు రిజిస్ట్రేషన్ కాగితంలో 'మోటార్ హోమ్' అని మారిన రోజున బానెట్టు ఎత్తు మాత్రం ఒక్క అంగుళం కూడా తగ్గలేదు.

ఇక్కడ వెనక కెమెరాల రూలు కూడా ఊరికే రాలేదు. 2002లో న్యూయార్కు రాష్ట్రంలో ఒక పిల్లల డాక్టరు తన ఇంటి ముందు బండి వెనక్కి తీస్తూ, రెండేళ్ళ సొంత కొడుకు కామెరాన్‌ని చూసుకోలేకపోయాడు. ఆ బాబు పేరు మీదే చట్టం చేశారు, 2008లో సంతకమైంది. కొత్త కార్లన్నిటికీ వెనక కెమెరా తప్పనిసరి అయ్యేసరికి 2018 మే వచ్చింది. అదీ 10 వేల పౌండ్ల లోపు బండ్లకి. అంతకంటే పెద్ద బండి కొనుక్కున్నవాడు తన తిప్పలు తను పడాలి. ఆ డాక్టరు గారి గురించి ఇదివరకు కూడా ఎక్కడో చదివా. అప్పుడు, 'అయ్యో, చూసుకోవాలి కదా' అనుకుని పేజీ తిప్పేశా.

అదే ఏడాది జులైలో మా మావయ్య వచ్చాడు. మా అమ్మకి అన్న. ఒంగోలు డిపోలో 31 ఏళ్ళు ఆర్టీసీ బస్సు నడిపి రిటైరయ్యాడు. హ్యూస్టన్‌లో కూతురి దగ్గరికి ఆర్నెల్లకి వచ్చి, మా ఇంట్లో ఓ పది రోజులున్నాడు. బస్సుందని తెలిసి "చూపియ్యరా" అని ప్రాణం తీశాడు. అమ్ముదామనుకుంటున్నానన్నా వినలేదు.

యార్డుకి తీసుకెళ్ళా. లోపల వంటగట్టు, సోఫా, ఫ్రిజ్జు చూపిద్దామని నేను వెనక్కి నడిచా. ఆయన తిన్నగా డ్రైవరు సీటు దగ్గరికెళ్ళాడు. మొదట అలవాటు కొద్దీ కుడి వైపు వెళ్ళి, అక్కడ మెట్లు తప్ప ఏమీ లేక, "థూ, మీ దేశం" అనుకుని ఎడమకొచ్చాడు. కూర్చున్నాడు. సీటు సర్దుకున్నాడు. అటు చూశాడు, ఇటు చూశాడు.

"ఏందిరా ఇది, నీ బస్సు నీకు కనపడకపోతే ఎట్టా? గోడ యాడుందో తెలీకుండా గోడకెంత దూరంలో ఉండావో ఎట్టా తెలస్తది?"

ప్లాట్జర్ గురించి చెప్పబోయి ఊరుకున్నా. తర్వాత ఆయన కొంచెం లేచి, బానెట్టు మీదుగా కిందికి చూడ్డానికి మెడ చాచాడు. "ముందు అద్దం ఏదిరా? ఇంత ముక్కు పెట్టుకుని ముందు అద్దం లేకుండా ఎట్టా కదిలిస్తన్నావ్? మా బస్సుల్లో మేం గాజుకి ఆనుకుని కూర్చుంటాం. అయినా స్టాండులో ముందు ముసలమ్మ వంగి మూట సర్దుకుంటా ఉంటే కనపడదు. మా కాలంలో ముక్కున్న పాత టాటా బండ్లు కొన్నుండేయి, అవి నడిపినోళ్ళకి తెలస్తది."

ఆయనకి పార్కు సంగతి చెప్పలేదు నేను. మా ఆవిడ చెప్పిందేమో కూడా తెలీదు. కాసేపాగి నేనే చెప్పా. విన్నాడు. "పా, కొట్టు యాడుందో జూపియ్యి" అన్నాడు.

పాత గుడ్డు అద్దాలు అదృష్టం బాగుండి పారేయలేదు, కుప్ప అడుగున ఉన్నాయి. ఒకటి పగిలింది, దానికి కొత్తది తెప్పించా. పూడ్చిన కన్నాలు మళ్ళీ తెరిచాం. లేత నీలం రంగు పెచ్చులూడింది, ఊడనీ. కొట్టు నుంచి తెచ్చింది డజను ఖాళీ పెయింటు బకెట్లు. ఐదు గ్యాలన్ల బకెట్టు దాదాపు అడుగు వెడల్పు, అడుగుమీద రెండంగుళాలు ఎత్తు. చట్టంలో గొట్టానికి దగ్గర దగ్గరగా సరిపోతుంది. బంపరు ముందు ఒక వరుస, ఆరడుగుల అవతల ఇంకో వరుస, ముందు చక్రాల పక్కన, వెనక చక్రాల పక్కన. ప్రతిదాని మీదా మా చిన్నదాని చేత స్కెచ్ పెన్నుతో నంబరు వేయించా.

గుడ్డు అద్దాలు లేకుండా ముందు మావయ్యని కూర్చోబెట్టి ఎన్ని కనపడుతున్నాయో చెప్పమన్నా. ముందు పెట్టిన ఎనిమిదిలో సున్నా. నేను కూర్చుంటే సున్నా. మా ఆవిడ కూర్చుంటే సున్నా. ఆవిడ సీటు దిగి వెళ్ళి మూడో నంబరు బకెట్టు పక్కన కాసేపు నిలబడి వచ్చింది.

ఆ తర్వాత సర్దడం మొదలెట్టాం. మావయ్య వరుసే వేరు. మొదట సీటు. సీటు ఖాయం కాకుండా అద్దం ముట్టుకోనివ్వలేదు. తర్వాత పెద్ద అద్దాలు. లోపలి అంచులో బస్సు ఒళ్ళు సన్నటి పట్టీలా కనపడాలి, మిగతాదంతా రోడ్డు, వెనక కనీసం 200 అడుగులు. (లైసెన్సు పుస్తకంలో ఉన్నదీ ఇదే. ఆయన చదవలేదు, నేనప్పటికి చదివా.) ఆ తర్వాత కింది గుండ్రటివి. వాటిలో వెనక చక్రం నేలకి ఆనేచోటు కనపడాలి. పెద్ద అద్దం ఎంత దూరంలో ఉన్నాడో చెప్తుంది, గుండ్రటిది ఉన్నాడో లేడో చెప్తుంది, రెండిట్నీ కలిపి చదువుకోవాలి. ఆఖరికి గుడ్లు. వీటిలో అన్నీ చిన్నగా, సాగదీసినట్టు వంకరగా కనపడతాయి. దూరం బొత్తిగా తెలీదు. బండి నడుస్తున్నప్పుడు చూడ్డానికి పనికిరావు, కదిలించబోయే ముందు చూడ్డానికే. బంపరు అంచు, ముందు చక్రం నేలకి ఆనేచోటు రెండూ అందులో పడేలా పెట్టుకున్నాం. గంటన్నర పట్టింది. ఎనిమిదికి ఎనిమిదీ కనపడ్డాయి. ఏడోది మాత్రం మా ఆవిడ సీట్లో ఉంటే సగమే కనపడుతోందంటే కుడి గుడ్డు మళ్ళీ విప్పాం.

కమ్మీల కీళ్ళ మీద నాకు తెల్లగీత, ఆవిడకి ఎర్రగీత పెయింటు పెన్నుతో గీశా. ఎవరు నడిపితే వాళ్ళ గీతకి తిప్పుకోవాలి.

వెనక్కి తీయడం గురించి అడిగా. నేనో కెమెరా పెట్టా, బాగానే ఉంటుంది, వాన పడ్డప్పుడు తప్ప. మావయ్య నవ్వి, "మాకు సగం అద్దం, సగం కండక్టరు" అన్నాడు. బస్సు రివర్సు తీస్తుంటే కండక్టరు దిగి వెనక నిలబడి విజిలేస్తుంటాడు. నేననుకున్నది ఏదైనా అడ్డొస్తే విజిలేస్తాడని. కాదట. "విజిలు ఇనపడతా ఉన్నంతసేపే బండి కదలాల. ఆగిందా, బండీ ఆగాల. ఆడికి దగ్గొచ్చిందో, కాలు జారిందో, ఎవడన్నా అడ్డమొచ్చాడో, ఎందుకాగిందో నీకనవసరం." మనం సర్వర్ల మధ్య హార్ట్‌బీట్ అని పేరెట్టి డిజైన్ డాక్యుమెంట్లు రాసుకునేది ఇదే. నేను పనిచేసిన ఒక చోట తప్పొస్తే మెసేజి పంపే పద్ధతి ఉండేది. మెసేజి పంపేదే చచ్చిపోయిన రాత్రి అందరం హాయిగా నిద్రపోయాం. ఆ విజిలు మా ఆవిడ మెళ్ళో పడింది ఇప్పుడు. మా చిన్నది మాత్రం బండి స్టార్టయ్యేసరికి వెనక సీట్లో బెల్టు పెట్టుకుని, తన పేరు తను గట్టిగా అరవాలి. అరుపు వినపడందే నేను నాబు ముట్టుకోను.

బస్సు అమ్మలేదు. ఖాళీ ఇంజనుకి ఎడమ అద్దం ఇప్పటికీ కొంచెం ఒణుకుతుంది, దాని సంగతి చూడాలి. పసుపు గీత అలాగే ఉంది.

నిన్న రాత్రి మా టీము కుర్రాడికి ఫోన్ చేశా. ఆ గుడ్డు అద్దాలు పారేశావా అని. లేదు, ఇంకా యార్డులోనే పడున్నాయన్నాడు. వాడికి పెళ్ళి కూడా కాలేదు, "పిల్లలెవరూ లేరు కదండీ నాకు" అన్నాడు. వాడి పిల్లలు కాదుగా లెక్క అన్నా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, బోల్టులు ఎక్కడ పడేశానో గుర్తులేదన్నాడు. నా డబ్బాలో మూడు స్పేర్లున్నాయి. సోమవారం ఆఫీసుకి పట్టుకెళ్ళాలి.